ఆదివారం ఉదయం ఏడున్నరకు హవాయి పాట: మల్లేశ్వరం తరగతిపై సమీక్ష

బెంగళూరు మల్లేశ్వరంలో ఒక చిన్న సంగీత పాఠశాల కొంతకాలంగా ఆదివారాల్లో హవాయి సంప్రదాయ సంగీతం తరగతి నడుపుతోంది. హవాయి దీవుల్లో ఒకటైన ఓవాహులో ఉంటున్న అక్కాతమ్ముళ్లు ఇద్దరు, ఇద్దరూ డెబ్బై దాటినవారే, తమ ఇంటి వరండాలో కూర్చొని వీడియో కాల్ ద్వారా నేర్పుతారు. మనం పాఠశాల హాల్లో పెద్ద తెర ముందు గిటార్లు, ఉకులేలేలు (నాలుగు తీగల చిన్న గిటారు వంటి వాద్యాలు) ఒడిలో పెట్టుకొని కూర్చుంటాం. మూడు నెలల కోర్సు పూర్తయ్యాక ఈ సమీక్ష రాస్తున్నాను. తమ పేర్లు ఇంటర్నెట్‌లో పెట్టవద్దని ఆ పెద్దవాళ్లు మొదటి రోజే కోరారు, పాఠశాల పేరు రాస్తే వారి పేర్లు బయటపడతాయి కాబట్టి రెండూ రాయడం లేదు.

ఫీజు నెలకు 3,500 రూపాయలు. నెలకు నాలుగు తరగతులు, ఒక్కొక్కటి గంటన్నర. హవాయి మనకంటే పదిహేనున్నర గంటలు వెనక ఉంటుంది కనుక మనకు ఆదివారం ఉదయం ఏడున్నర అయినప్పుడు వాళ్లకు శనివారం సాయంత్రం నాలుగు. వేసవిలో గడియారాలు ముందుకు తిప్పే అలవాటు ఆ దీవుల్లో లేదు, అందువల్ల ఏడాది పొడవునా ఇదే వేళ. ఆ వేళకు మల్లేశ్వరంలో బండి పెట్టుకోవడానికి చోటు దొరుకుతుంది, ఈ నగరంలో అది కూడా సమీక్షలో రాయవలసిన సంగతే. తమ్ముడు గిటారు నేర్పుతారు, అక్క పాట, ఉకులేలే నేర్పుతారు. హవాయిలో పెద్దవాళ్లను అంకుల్, ఆంటీ అనే పిలుస్తారు కాబట్టి మన అపార్ట్‌మెంట్ల పిలుపుతోనే పని జరిగిపోయింది. మాలో కొందరు చివర "గారు" చేర్చకుండా ఉండలేకపోయారు. ఆంటీకి అది నచ్చి తమ్ముణ్ని తామూ "అంకుల్ గారూ" అని ఆటపట్టించడం మొదలుపెట్టారు.

డబ్బుకు తగిన విలువ ఉందా అంటే, ఆ ఇద్దరూ తెర మీద ఉన్న గంటన్నర మటుకు నిస్సందేహంగా ఉంది. దాని చుట్టూ పాఠశాల వారు అల్లిన యాప్, కాగితాలు, ప్రకటనల గురించి అంత మంచి మాట చెప్పలేను.

మొదటి తరగతిలో సగం శ్రుతి చేసుకోవడానికే సరిపోయింది. మామూలు గిటారు తీగలు మంద్రం నుంచి లెక్కపెడితే ఇ, ఎ, డి, జి, బి, ఇ. అంకుల్ ఆరో తీగను, ఐదో తీగను (అంటే మంద్రం వైపు రెండింటినీ), మొదటి తీగను (అన్నిటికంటే సన్నటిదాన్ని) ఒక్కో పూర్తి స్వరం మేర వదులు చేయించారు. అప్పుడు వరుస డి, జి, డి, జి, బి, డి అయింది. జిని షడ్జమం అనుకుంటే అది ప, స, ప, స, గ, ప. ఆ గాంధారం అంతర గాంధారం. ఎడమ చేతి వేళ్లు ఏ తీగనూ నొక్కకపోయినా ఆరు తీగలూ కలిసి నిండుగా మోగుతాయి. నా పక్కన కూర్చున్న, చిన్నప్పటి నుంచి కర్ణాటక గాత్రం పాడుతున్న రాజమండ్రి ఆవిడ ఒక్కసారి తీగలు మీటి చూసి "తంబురాకు గాంధారం తీగ చేర్చినట్టుంది కదండీ" అన్నారు. ఆ శ్రుతిని అంతకంటే బాగా నేను వర్ణించలేను.

ఇలా తీగలు వదులు చేసి వాయించే పద్ధతిని అక్కడివారు కీ హోఆలు అంటారు, బయటి ప్రపంచంలో స్లాక్ కీ గిటారు అన్న పేరు స్థిరపడింది. 1793లో ఇంగ్లీషు నావికుడు కెప్టెన్ వాంకూవర్ హవాయి రాజు కమేహమేహాకు పశువులను కానుకగా ఇవ్వడం, అవి మందలుగా పెరిగి పంటలను, అడవులను పాడు చేయడం, వాటిని అదుపు చేయడం నేర్పడానికి 1830ల ప్రాంతంలో మెక్సికో వైపు నుంచి పశువుల కాపరులను పిలిపించడం, వాళ్ల వెంట గిటార్లు రావడం అన్న కథను అంకుల్ ఐదు నిమిషాల్లో ముగించారు. దీవుల వాళ్లు ఆ గిటార్లను తమ గొంతులకు, తమ పాటలకు నప్పేలా శ్రుతి మార్చుకున్నారు. ఒక్కో కుటుంబానికి ఒక్కో శ్రుతి ఉండేది, దాన్ని ఇంటి గడప దాటనిచ్చేవారు కాదు. వాయించడం అయిపోగానే ఇతరులు గమనించకుండా తీగలు సడలించి గిటారు పక్కన పెట్టేవారట. అంకుల్ మాకు మూడు శ్రుతులు నేర్పారు. నాలుగోది వినిపించారు గాని, అది తమ మేనమామ ఇంటిదని, మేనమామ పిల్లలను అడగకుండా నేర్పలేనని కెమెరాను కాస్త పక్కకు తిప్పి వాయించారు. డబ్బు కట్టి కూర్చున్నవాళ్లకు ఇది కొరతగా అనిపించవచ్చు. నాకు మాత్రం అప్పుడే ఆ మనిషి మీద గురి కుదిరింది.

ఆయన స్వరం పేరు గాని, కార్డు (కలిపి మోగించే స్వరాల గుంపు) పేరు గాని చెప్పరు. బొటనవేలు మంద్ర తీగల మీద తూగుతూ లయ నడుపుతుండగా చూపుడు వేలు, మధ్య వేలు పాటను పలికించాలి. మొదటి రెండు తరగతుల్లో బొటనవేలు తప్ప మరేదీ కదలనివ్వలేదు. ఒక చరణం ముగిసి మరో చరణం ఎత్తుకునే లోపు వచ్చే చిన్న ముక్కను, హవాయి పాట విన్నవారెవరైనా ఇట్టే గుర్తుపట్టే ముక్కను, మా ఒక్కొక్కరి చేతా విడివిడిగా వాయించుకున్నారు. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న కుర్రాడొకడు "అంకుల్, ఇది ఏ కార్డు?" అని పదేపదే అడిగితే "నా చెయ్యి చూడు నాయనా" అన్నదే జవాబు. పుస్తకం పట్టుకొని స్వరం రాసుకోబోయిన మరొకరిని కూడా అలాగే ఆపారు. గురువు ఎదురుగా కూర్చొని వరస పట్టుకునే పద్ధతి మన ఇళ్లలో కొత్తది కాదు గనుక మాలో సంగీతం నేర్చుకున్నవాళ్లకు ఇబ్బంది కలగలేదు. యూట్యూబ్ చూసి గిటారు నేర్చుకున్న పిల్లలకు మటుకు చేతులు కట్టేసినట్టయింది. వారిలో ఇద్దరు మధ్యలోనే మానేశారు.

స్లాక్ కీ గిటారు విద్వాంసుడు రే కానె గురించి అంకుల్ చెప్పిన వైనం ఇక్కడ రాయాలి. 1925లో పుట్టిన ఆయన ఓవాహు పడమటి తీరంలోని నానాకులిలో పెరిగారు. చిన్నతనంలో సముద్రంలో చేపలు పట్టి తెచ్చి, ఒక పెద్దాయనకు ఇచ్చి, బదులుగా గిటారు పాఠం చెప్పించుకునేవారు. తర్వాతి కాలంలో తమ కుటుంబానికి చెందని వాళ్లకు కూడా అడిగిన ప్రతిదీ నేర్పి, 1987లో అమెరికా ప్రభుత్వం సంప్రదాయ కళాకారులకిచ్చే నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్ అందుకున్నారు, 2008లో పోయారు. ఇది చెప్పి అంకుల్ "మీరు బెంగళూరు నుంచి చేపలు పంపలేరు గనుకనే ఫీజు తీసుకుంటున్నాం" అని నవ్వారు.

ఆంటీ తరగతి వేరే తరహా. మన గాత్ర శిక్షణలో మధ్య స్థాయి నుంచి తారానికి వెళ్లేటప్పుడు గొంతు మారిన చోటు వినేవాడికి తెలియకూడదని సాధన చేయిస్తారు. హవాయి ఫాల్సెట్టో పాటలో, అంటే మామూలు గొంతు దాటి సన్నటి పైగొంతుతో పాడే పాటలో, సరిగ్గా ఆ చోటే ఎత్తి వినిపించాలి. గొంతు ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు గెంతినట్టు తెగాలి, ఆ తెంపులోనే పాటకు అందం. ఏళ్ల తరబడి దాన్ని దాచడమే సాధన చేసిన రాజమండ్రి ఆవిడకు ఇది చాలా కష్టమైంది. పాడిన ప్రతిసారీ గొంతు తనంతట తానే ఆ అతుకును నునుపు చేసేసేది. ఆంటీ విసుక్కోకుండా "దాచకమ్మా, తెగనివ్వు" అంటూ వరండాలోంచి మళ్లీ పాడి వినిపించేవారు. కోర్సు చివరికి ఆవిడ ఒక చరణంలో రెండు చోట్ల గొంతును తెగనిచ్చి పాడినప్పుడు తెరకు అవతల ఆంటీ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఆంటీకి ఆదర్శం జెనోవా కెయావె. 1918లో పుట్టి 2008లో పోయిన ఆ గాయని ఎనభై దాటాక కూడా వైకీకీలోని ఒక హోటల్లో గురువారం సాయంత్రాలు పాడేవారు. ఊపిరి తీసుకోకుండా ఒకే తార స్వరాన్ని నిలిపి ఉంచడంలో ఆమెకు సాటి లేదు. ఆంటీ మా చేత ఆ ప్రయత్నం చేయించారు. ఎవరెంతసేపు నిలిపారన్నది చెప్పుకోదగ్గ విషయం కాదు.

కోర్సులో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది 1893 నాటి పాట నేర్పిన తరగతి. ఆ ఏడు అమెరికన్ వ్యాపారుల వర్గం, రేవులో దిగిన అమెరికా నావికా సైనికుల అండతో, లిలియువోకలాని రాణిని గద్దె దింపింది. కొత్త ప్రభుత్వానికి విధేయులమని సంతకం పెట్టమంటే రాజాస్థానపు బ్యాండు వాద్యకారులు నిరాకరించారు. వారి కోసం పుట్టిన ఆ పాట, సంతకం పెట్టవద్దని, ప్రభుత్వం వారి డబ్బు కుప్పలు అక్కర్లేదని, మా నేల మీది రాళ్లు తిని బతకడం మాకు చాలునని చెబుతుంది. బాణీ మాత్రం ఎంతో హుషారుగా ఉంటుంది. అర్థం తెలియక మాలో ఒకరిద్దరు కాలు ఆడిస్తూ చిటికెలు వేశారు. ఆంటీ వాళ్లను మందలించలేదు. పాట పూర్తిగా పాడి, తర్వాత ఒక్కో పంక్తికి అర్థం చెప్పి, మళ్లీ అదే హుషారుతో మొదటి నుంచి పాడమన్నారు. రెండోసారి హాల్లో ఎవరికీ గొంతు పెగల్లేదు.

ఆ తర్వాతి చరిత్ర ఆమె తన ఇంటి కథగానే చెప్పారు. 1896లో వచ్చిన చట్టంతో బడుల్లో బోధన ఇంగ్లీషులోనే సాగాలన్న నియమం వచ్చింది. ఆంటీ తల్లిదండ్రులు బడిలో హవాయి భాష మాట్లాడినందుకు దెబ్బలు తిన్న తరం, అందుకే పిల్లలతో ఇంట్లో ఆ భాష మాట్లాడడానికి జంకేవారు. అయితే పాటలు మాత్రం హవాయిలోనే పాడేవారు. ఆంటీకి మాతృభాష ముందుగా పాటల ద్వారానే వచ్చింది, మాట్లాడడం నడివయసులో నేర్చుకున్నారు. 1978లో ఆ భాష మళ్లీ అధికార భాష అయింది, 1984లో పూర్తిగా హవాయి భాషలో నడిచే పూనానా లేవో శిశు పాఠశాల మొదలైంది. ఇప్పుడు తన మనవరాలు తనకంటే ధారాళంగా మాట్లాడుతుందని ఆమె గర్వంగా చెప్పుకుంటారు. బెంగళూరులో పిల్లల చేత తెలుగు మాట్లాడించడానికి తంటాలు పడే మా వంటివాళ్లకు ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

పెద్దవాళ్లంటే పుట్టుక నుంచీ సంప్రదాయాన్ని మోస్తూ వచ్చినవాళ్లు అన్న అభిప్రాయం ఈ కోర్సులో కొంత చెదిరింది. ఉకులేలే వాద్యకారుడు ఎడ్డీ కమయే (1927–2017) మొదట్లో లాటిన్, జాజ్ బాణీలు వాయించి పేరు తెచ్చుకున్నవారు. తర్వాతే హవాయి పాటల వైపు తిరిగి, నిఘంటుకర్త, పండితురాలు మేరీ కవెన పుకుయి దగ్గర కూర్చొని పాత సాహిత్యం అర్థం చేసుకొని, వైపియో లోయలో ఉన్న వృద్ధ కవి శామ్ లీఆను వెతుక్కుంటూ వెళ్లారు. శామ్ లీఆ 1881లో పుట్టినవాడు. ఆయన పాటలు ఆ లోయ దాటి అందరి నోటా నిలిచాయంటే ఆ వెతుకులాట కారణం. కమయేతో కలిసి బృందం కట్టిన గాబీ పహినుయి (1921–1980) స్లాక్ కీ గిటారును 1946లోనే రికార్డు మీదికి ఎక్కించినవాడు, అయినా పగలు హొనొలులు నగరపాలక సంస్థ రోడ్డు పనుల్లో కూలీగా శ్రమించి, వారాంతాల్లో వైమానలోలోని తన ఇంటి పెరట్లో వచ్చినవాళ్లందరితో వాయించేవాడు. 1970లలో అక్కడి యువతరం తమ భాష, నాట్యం, పాట మళ్లీ కావాలని లేచినప్పుడు చేరిన చోట్లలో ఆ పెరడు ఒకటి. అంకుల్ కుర్రతనంలో ఆ ఇంటికి వెళ్లి ఒక మూలన నిలబడి చూసి వచ్చారట, గిటారు ముట్టుకోవడానికి ధైర్యం చాలలేదట.

ఇక ఫిర్యాదులు. వీటిలో పెద్దది ప్రకటనకు సంబంధించింది. పాఠశాల వారు పంచిన కరపత్రంలో "హవాయి గిటారు నేర్చుకోండి" అని ఉంది. మన దేశంలో హవాయి గిటారు అంటే ఒడిలో పడుకోబెట్టి, తీగల మీద ఉక్కు కడ్డీ జరుపుతూ వాయించే స్టీల్ గిటారు అనే అర్థం. దాన్ని కనిపెట్టింది ఓవాహులోని లాయీ ఊరివాడైన జోసెఫ్ కెకుకు (1874–1932). అదే ఊరి వైపు నుంచి వచ్చిన టావు మోయె కుటుంబం 1940లలో కలకత్తాలో ఉండి వాయించి, నేర్పి వెళ్లాక బెంగాలీ ఇళ్లలో అది పాతుకుపోయింది. బ్రిజ్ భూషణ్ కాబ్రా దాని మీద హిందుస్తానీ రాగాలు పలికించారు, అదే దారిలో విశ్వమోహన్ భట్ తన మోహనవీణతో 1994లో గ్రామీ అందుకున్నారు. ఈ తరగతిలో నేర్పేది అది కాదు. జయనగర్ నుంచి ఒక రిటైరైన పెద్దమనిషి తన పాత స్టీల్ గిటారును గుడ్డలో చుట్టుకొని తీసుకువచ్చారు. అంకుల్ ఆయనను కాదనకుండా ఒక పాట వాయించమని అడిగి, శ్రద్ధగా విని, ఆ విద్య తమది కాదని మర్యాదగా చెప్పారు. పాఠశాల ఆఫీసు వారు మాత్రం రిజిస్ట్రేషన్ రుసుము మినహాయించుకొని మిగతాది తిరిగి ఇచ్చారు. పొరపాటు కరపత్రానిది అయినప్పుడు మొత్తం ఇవ్వాలి.

అదే కరపత్రంలో "అన్ని పాఠాల రికార్డింగులు జీవితకాలం మీవే" అన్న హామీ ఉంది. ఆ సంగతి పెద్దవాళ్లకు చెప్పినట్టు లేదు. రెండో వారం రికార్డింగు అడిగితే ఆంటీ వల్ల కాదన్నారు: తమ పాట ఎవరి చేతికి వెళుతుందో తెలియకుండా వదలలేమని, నేర్చుకోవాలంటే మళ్లీ వచ్చే వారం రమ్మని. హులా అనే హవాయి నాట్యం కోసం పాడే కొన్ని పాత స్తోత్రాలను కూడా ఆమె తెర మీద అసలు నేర్పరు. ఆ నిర్ణయం వారి హక్కు, నేను పూర్తిగా వారి పక్షాన ఉన్నాను. వారిని అడగకుండా అమ్మకానికి పెట్టిన పాఠశాల వారిని మాత్రం సమర్థించలేను. యాప్‌లో పెట్టిన గిటారు కాగితాలు కూడా పనికిరావు. అవి ఇక్కడెవరో రాసినవి, అంకుల్ ఏ పాటనూ రెండుసార్లు ఒకేలా వాయించరు గనుక ఆ కాగితాలు చూసి సాధన చేస్తే ఆదివారం నాటికి చెయ్యి ఇంకో దారిలో ఉంటుంది.

ధ్వని విషయంలో మొదట్లో చాలా అవస్థ పడ్డాం. వీడియో కాల్ సాఫ్ట్‌వేర్ మాటను మాత్రమే మాటగా గుర్తించి, నిలిచి మోగే తీగ నాదాన్ని రొద అనుకొని మింగేసేది. స్లాక్ కీకి ప్రాణమే ఆ నిలిచి మోగడం. తర్వాత ఎవరో సెట్టింగుల్లోకి వెళ్లి రొద తగ్గించే సదుపాయాన్ని ఆపేశాక సంగీతం సంగీతంలా వినిపించింది. శబ్దం చేరడంలో జరిగే ఆలస్యం వల్ల అటువాళ్లు, ఇటువాళ్లు కలిసి వాయించడం కుదరదు. వారు వాయించి ఆపుతారు, మనం అందుకోవాలి. దీనికి మందు లేదు, కొద్ది వారాల్లో అలవాటవుతుంది.

పాఠశాల అద్దెకిచ్చే ఉకులేలేలు తీసుకోకండి. నెలకు 500 రూపాయలు తీసుకొని, శ్రుతి పాట సగంలోనే జారిపోయే వాద్యం చేతిలో పెడతారు. సొంతది తెచ్చుకోవడం మేలు. గిటారు తెచ్చుకునేవారు పలచటి తీగలు వేయించుకోవద్దు. వదులు చేసిన తీగ పలచనిదైతే మెట్ల కడ్డీలకు తగిలి బరబరమంటుంది. కాస్త మందమైనవి, పన్నెండో గేజీ నుంచి మొదలయ్యే సెట్టు అడిగితే దుకాణాల్లో ఇస్తారు. క్లిప్పు ట్యూనరు ఒకటి తప్పనిసరి.

పాశ్చాత్య గిటారులో పరీక్షలు, గ్రేడులు, సర్టిఫికెట్లు కావాలనుకునే పిల్లలను ఈ తరగతికి పంపవద్దు. పాడగలిగినవాళ్లు, వినికిడితో వరస పట్టగలిగినవాళ్లు, పాటతో పాటు ఆ పాట ఏ లోయదో, ఆ లోయలో కురిసే వానకు పేరేమిటో కూడా వినడానికి ఓపిక ఉన్నవాళ్లు చేరవచ్చు. ఈస్టర్ వారంలో తరగతి ఉండదు. అప్పుడు హిలోలో మెర్రీ మోనార్క్ హులా ఉత్సవం జరుగుతుంది, ఆంటీ మనవరాలి బృందంతో అక్కడికి వెళతారు. ఆ వారం ఫీజు తర్వాతి నెలలో సర్దుబాటు చేస్తారు, అడిగి రాయించుకోండి. హాలు రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు, ఏడుంపావుకే తలుపు తీస్తారు.